కుక్కను గండికోటకు తీసుకెళ్ళవచ్చా?

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో మనిషి కుక్కను పక్కన పెట్టుకుని ఆరుబయట పడుకుంటే ఎవరూ వింతగా చూడరు. పిందె నిలిచాక తోటను గుత్తకు తీసుకున్నవాళ్ళు పాక వేసుకుని, పొయ్యి రాళ్ళు పేర్చుకుని, ఒక్కోసారి పిల్లాజెల్లాతో సహా దిగిపోతారు. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు కోసి నున్న మార్కెట్టుకు బండి కట్టేదాకా అదే ఇల్లు. పగలు కోతులు, రాత్రి అడవిపందులు, రెంటికీ మధ్య కాయల దొంగలు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట ఎటు పోయినా ప్రతి పాక దగ్గరా ఒకటో రెండో నాటుకుక్కలుంటాయి. దీన్ని ఎవరూ క్యాంపింగ్ అనలేదు. కాపలా అన్నారు.

ఇప్పుడు అవే ఇళ్ళ పిల్లలు హైదరాబాదు, బెంగళూరు నుంచి సెలవులకొస్తూ కారు వెనక సీట్లో లాబ్రడార్‌నో హస్కీనో వెంట తెస్తున్నారు. గండికోట పోదాం, లోయ అంచున టెంటులో పడుకుందాం, దీన్నీ తీసుకెళ్దాం అంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో కుక్కకు విహారయాత్రేమిట్రా అని నవ్వుతారు. పశువైద్యుణ్ణి అడిగితే టీకాల సంగతి చెబుతాడు, టెంట్లు అద్దెకిచ్చేవాణ్ణి అడిగితే డబ్బుల సంగతి, అడవి మీద మమకారం ఉన్నవాణ్ణి అడిగితే అసలు వద్దంటాడు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. కాకపోతే ఎవరూ మొత్తం చెప్పరు. ఎండ, నీరు, నేల, చట్టం, జబ్బులు, కుక్క జాతి, మన తోటల పంచాంగం అన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ముందే చెప్పేస్తాను. తీసుకెళ్ళవచ్చు. కానీ ఏడాదిలో కొద్ది నెలలే, అన్ని కుక్కల్నీ కాదు, కోట లోపలికైతే అసలే కాదు.

ముందు, గండికోటే ఎందుకన్న ప్రశ్న. కొండల మధ్య లోతైన లోయ, లోయలో నిలిచిన నీళ్ళు, గట్టున గుడారం కావాలంటే తెలుగు నేల మీద చోట్లు మరీ ఎక్కువ లేవు. నూజివీడు వాళ్ళకు దగ్గరది పాపికొండలు. కానీ గోదావరికి రెండు పక్కలా ఉన్న ఆ అడవి 2008లో జాతీయ పార్కయింది. రెండోది శ్రీశైలం వెనక జలాలు, నల్లమల లోయ. అదంతా నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోని అతి పెద్ద పులుల రిజర్వుల్లో ఒకటి. ఈ రెండు చోట్లా పెంపుడు కుక్కతో గుడారం అన్న ఆలోచనే పనికిరాదు. పులి కుక్కను పట్టుకుపోతుందన్న భయం ఒక్కటే అయితే మన ప్రేమ, మన నష్టం అనుకోవచ్చు. అసలు ప్రమాదం ఎదురు దిశలో ఉంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో బయటపడిన వైరసుల్లో ఒకటి కుక్కలకు వచ్చే డిస్టెంపర్. ఆ వైరస్ సోకిన కుక్క అడవి అంచున ఒక్క రాత్రి గడిపినా పులులకు, చిరుతలకు, రేసుకుక్కలకు ఏం అంటిస్తుందో చెప్పలేం. కాబట్టి నల్లమల గుండా వెళ్ళే దారిలో కారు దిగి కుక్కను కాసేపు వదిలే సరదా కూడా మానుకోవాలి.

అభయారణ్యం కాని లోయ కాబట్టి మిగిలింది గండికోట. వైఎస్సార్ కడప జిల్లా జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరం. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన చోట దాదాపు మూడు వందల అడుగుల లోతున ఎర్రటి రాతి గోడలు నిలబడ్డాయి. గట్టు మీద కోట. పన్నెండో శతాబ్దంలో కాకరాజు కట్టించాడంటారు. తర్వాత పెమ్మసాని నాయకుల చేతుల్లో వెలిగి, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే మీర్ జుమ్లాను కలుసుకున్నది ఇక్కడే. మాధవరాయస్వామి గుడి, రంగనాథుడి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ ఒక్క కోట గోడల మధ్యే ఉన్నాయి.

లోయలో కనబడే నీళ్ళు సహజమైన సరస్సు కాదు. దిగువన మైలవరం జలాశయం ఉంది, దాని వెనక నీళ్ళు ఈ గండిలోకి వస్తాయి. మన మైలవరం కాదు, కడప మైలవరం. తోటలవాళ్ళు ఈ పేరు విని చాలాసార్లు పొరబడతారు. ఎగువన ఉన్నది గండికోట జలాశయం, 26.85 టీఎంసీలది. గాలేరు నగరి కాలువ ద్వారా శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణ నీళ్ళతో అది నిండుతుంది.  

పర్యాటక శాఖ హరిత హోటలు, ఊరివాళ్ళు నడిపే టెంట్లు, వారాంతాల్లో సూర్యోదయం కోసం వచ్చే జనం, ఇవన్నీ కలిసి గండికోటను ఇప్పుడు ఎవరూ ఎరగని మూలగా ఉంచలేదు. ఇక్కడే మొదటి చిక్కు. కోట రక్షిత కట్టడం. 1959 నాటి పురావస్తు నియమాల ప్రకారం రక్షిత కట్టడంలోకి, దాని నిర్వహణ పనికి తప్ప, ఏ జంతువునూ తీసుకెళ్ళకూడదు. అనుమతించిన చోట తప్ప వంట కూడా చేయకూడదు. కుక్కతో కోట చూడాలనుకునే వాళ్ళ ఉత్సాహం ఈ ఒక్క నియమం దగ్గరే ఆగిపోవాలి. ఇందులో ఒక తమాషా ఉంది. కోట గోడల లోపల ఊరుంది, ఊళ్ళో మనుషులున్నారు, మేకలున్నాయి, వాళ్ళ కుక్కలు ధాన్యాగారం నీడన హాయిగా పడుకుంటాయి. వాటికి వర్తించని నియమం మన కుక్కకెందుకని అడిగేవాళ్ళను చూశాను. అవి ఆ ఊరివి, మనది చుట్టపుచూపు. గుడి మండపంలో మన కుక్క కాలెత్తితే ఊరివాళ్ళు ఊరుకోరు, ఊరుకోవాల్సిన అవసరమూ లేదు. అంచేత కుక్కతో వెళ్ళేవాళ్ళు కనీసం ఇద్దరుండాలి. ఒకరు కోట చూస్తుంటే ఇంకొకరు బయట నీడలో దాన్ని పట్టుకుని కూర్చోవాలి. కారులో వదిలేసి వెళ్ళడం మాత్రం హత్యతో సమానం. అద్దాలు ఒక అంగుళం దించినా ఎండలో నిలబెట్టిన కారు కొద్ది నిమిషాల్లోనే పొయ్యవుతుంది.

ఈ వ్యవహారమంతటిలో అసలు సమస్య ఎండే. దీని గురించి మనకన్నా ముందు ఆలోచించి నియమం పెట్టుకున్నవాళ్ళు అమెరికాలో ఎడారి రాష్ట్రం అరిజోనాలో ఉన్నారు. ఫీనిక్స్, చాండ్లర్ చుట్టూ ఇప్పుడు తెలుగువాళ్ళు చాలామంది. మన జిల్లాలవాళ్ళు కూడా అక్కడ ఉద్యోగాల్లో ఉన్నారు. ఫీనిక్స్‌కు తూర్పున, సాల్ట్ నది మీద 1925లో పూర్తయిన మోర్మన్ ఫ్లాట్ ఆనకట్ట వెనక క్యాన్యన్ లేక్ అని ఒక సరస్సు ఉంది. ఎండిపోయిన రాతి కొండల మధ్య ఆకుపచ్చ నీళ్ళు. గండికోటను చూసినవాడికి అది దూరపు చుట్టంలా కనబడుతుంది. శని, ఆదివారాల్లో పడవలు, గుడారాలు, కుక్కలు అక్కడ మామూలు దృశ్యం. అయితే కొండబాటల్లో ఎండకు సొమ్మసిల్లి చచ్చిపోతున్న కుక్కల సంగతి తేలాక, 2016లో ఫీనిక్స్ నగరం ఒక నియమం పెట్టింది. ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 38 సెల్సియస్, చేరితే నగర కొండబాటల్లోకి కుక్కల్ని తీసుకురాకూడదు. యజమాని ఎంత ప్రేమగలవాడైనా, కుక్క ఎంత బలమైనదైనా లెక్కలేదు. థర్మామీటరు చెప్పిందే మాట.

ఈ ఒక్క నియమాన్ని కడప జిల్లా మీద పెట్టి చూడండి. మార్చిలోనే అక్కడ పగటి ఎండ ఆ గీతకు వచ్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే. జూన్ మొదటి వారాలూ తక్కువేం కావు. పైగా గండికోటలో గుడారం పడేది మట్టి మీద కాదు, రాతి మీద, రాతి పక్కన. పగలంతా తాగిన వేడిని ఆ బండ రాత్రి చాలాసేపు కక్కుతూనే ఉంటుంది. మనం చెప్పులేసుకుని, టోపీ పెట్టుకుని పరవాలేదు అనుకునే వేళకి కుక్క అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. అరచేతి వెనక భాగాన్ని బండ మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. అంతసేపు ఉంచలేకపోతే కుక్కను ఆ బండ మీద నడిపించకూడదు.

మనిషిలా కుక్క ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కొంచెం తప్ప దానికి చెమటే లేదు. నాలుక బయట పెట్టి వగర్చడమే దానికున్న ప్రధానమైన చల్లబరిచే యంత్రం. గాలిలో తేమ పెరిగితే, నీళ్ళు చాలకపోతే, ముక్కు పొట్టిదైతే ఆ యంత్రం పనిచేయదు. మామూలుగా 38.3 నుంచి 39.2 సెల్సియస్ దాకా ఉండే దాని ఒంటి వేడి 41 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. మాటిమాటికీ తూలడం, చిక్కటి చొంగ, ముదురు ఎరుపెక్కిన చిగుళ్ళు, వాంతి కనబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోసి, విసిరి, తర్వాత బండెక్కించాలి. ముందు చల్లబరచడం, తర్వాత ఆసుపత్రి. ఈ వరస తిరగబడితే ఆసుపత్రి చేరేలోపే కథ ముగుస్తుంది.

ఇక్కడ జాతి సంగతి తప్పదు. 2003లో హచ్ ఫోను ప్రకటన వచ్చిన తర్వాత మన పట్టణాల్లో పగ్ కుక్క ఇంటింటి ముద్దుబిడ్డయింది. ఆ చదును మూతి చూడ్డానికి ముద్దొస్తుంది గానీ, గాలి లాగడానికి పనికిరాదు. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటివాటికి గండికోట చలికాలంలో కూడా నా లెక్కలో పనికిరాదు. హస్కీ సైబీరియా మంచుకు పుట్టింది. దాన్ని విజయవాడ ఎండలో పెంచడమే ఒక వింత, రాయలసీమ బండల మీదికి తీసుకెళ్ళడం ఇంకో వింత. లాబ్రడార్ కాస్త నయం. కానీ నీళ్ళు చూస్తే ఆగదు, ఆటలో పడితే అలసట చెప్పదు, మన ఇళ్ళల్లో పెరుగన్నం తిని లావెక్కి ఉంటుంది.

దగ్గర్లోనే కొల్లేరు ఉంది, కొల్లేటి జోనంగి ఉంది. కృష్ణా, గోదావరి జిల్లాల లంకల్లో, బాతుల మందల వెంట, చేపల చెరువుల గట్ల మీద తిరిగిన కుక్క అది. అతి పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, సన్నటి కాళ్ళు. సాధారణ కుక్కలా మొరగడం తక్కువ, ఊళలాంటి వింత గొంతు చేస్తుంది. ఎండ ఎక్కువైతే నేల తవ్వి గుంటలో పడుకుంటుంది. ఎండ దేశపు కుక్కకు కావలసిన తెలివి అంతా ఆ ఒక్క గుంటలో ఉంది. మన డబ్బున్నవాళ్ళు వేలకు వేలు పోసి సైబీరియా నుంచి కుక్క తెప్పించుకుంటూ, పక్క చెరువు గట్టున ఉన్న ఈ జాతిని పట్టించుకోకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. జోనంగి కాకపోయినా, తోట పాకలో పెరిగిన నాటుకుక్క కూడా గండికోట ఎండకు, రాతికి మిగతావాటి కన్నా బాగా తట్టుకుంటుంది. దానికి ఇంకో ఇబ్బంది ఉంది. కారెక్కి ఎరగదు, గొలుసు ఎరగదు.

నీళ్ళ విషయం రెండు ముక్కల్లో చెప్పాలి, తాగే నీళ్ళు, దిగే నీళ్ళు. మామూలు రోజుల్లో కుక్కకు కిలో బరువుకు యాభై, అరవై మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. ముప్ఫై కిలోల లాబ్రడార్‌కు అది రోజుకు దాదాపు రెండు లీటర్లు. ఎండలో, నడకలో అంతకు రెట్టింపు. గట్టు మీద బండల్లో కుక్కకు నీళ్ళు దొరకవు. లోయలో కనిపించేవి మూడు వందల అడుగుల కింద ఉన్నాయి. కాబట్టి దాని క్యాను వేరుగా మోసుకెళ్ళాలి, మన నీళ్ళలో వాటా అనుకుంటే చాలదు.

కింద జలాశయం అంచుకు దిగే దారులున్నాయి, కొందరు కుక్కతో దిగుతున్నారు కూడా. నిలవ నీళ్ళలో ఎండకాలం చివర్లో పచ్చటి నాచు నురగలా తేలితే అది కొన్నిసార్లు విషం. 2020 జూలైలో అమెరికాలోని జయాన్ లోయలో, వర్జిన్ నదిలో ఆడుకున్న ఒక కుక్కపిల్ల అలాంటి నీలి ఆకుపచ్చ నాచు విషంతో చనిపోయింది. అప్పటి నుంచి ఆ నది గురించి సందర్శకులకు హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. మన జలాశయాల్లో కూడా ఎరువుల నీళ్ళు కలిసే చోట నాచు పెరుగుతుంది. నీళ్ళ మీద పచ్చరంగు వేసినట్టు పొర కనబడితే కుక్కను దించవద్దు. వానల తర్వాత నిలవ నీళ్ళలో ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ ఇంకో జబ్బు. కుక్కకే కాక మనిషికీ వస్తుంది. దానికి కుక్కలకు టీకా ఉంది.

లోయ అంచు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. చూడటానికి అందరూ ఎక్కే బండల మీద చాలా చోట్ల కమ్మీలు లేవు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాళ్ళ మధ్య సందులు మనిషి దూరేంత వెడల్పు. కోతి కనబడితే కుక్క ఆలోచించదు, దూకుతుంది. గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచున అమెరికావాళ్ళు కుక్కల్ని ఆరడుగులు మించని గొలుసుతో అనుమతిస్తారు, అంచు దాటి లోయలోకి మాత్రం దిగనివ్వరు. గండికోటను భారతదేశపు గ్రాండ్ క్యాన్యన్ అని గొప్పగా పిలుచుకుంటున్నాం కదా, ఆ నియమాన్నీ తెచ్చుకుంటే బాగుంటుంది. లాగితే సాగే తాడు కాదు, గట్టి పొట్టి గొలుసు, అదీ మెడకు కాకుండా ఛాతీకి వేసే పట్టీకి కట్టి పట్టుకోవాలి. రాత్రి కుక్క గుడారం లోపల. బయట కొయ్యకు కట్టి నిద్రపోవడం తోటలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

ఎందుకు చెల్లదంటే, ఊరి కుక్కలున్నాయి. టెంట్ల దగ్గర మిగిలిన బిర్యానీ, కోడి ఎముకలు అలవాటైన గుంపులు రాత్రి చుట్టూ తిరుగుతాయి. కొత్త కుక్క వాసన వాటికి యుద్ధ ప్రకటన. కట్టేసిన కుక్క పారిపోలేదు, పోరాడలేదు. మధ్యలో విడదీయబోయిన మనిషికే ఎక్కువసార్లు కాటు పడుతుంది. పడితే సబ్బుతో, పారే నీళ్ళతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టే పాత వైద్యాలు రేబిస్ వైరస్‌ను ఆపలేవు. మన కుక్కకు రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పనిసరి. ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం పేరిట ప్రభుత్వ పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ మొదటిసారి మనిషికి రేబిస్ టీకా వేశాడు. మామిడి కాపు అయిపోయి చేతులు ఖాళీ అయ్యే రోజులు కూడా అవే కాబట్టి, తోటలవాళ్ళకు సాకు లేదు. తోట కుక్కలకు కూడా వేయించండి.

పిడుదులది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, మేకలు, గొర్రెలు తిరిగిన పొదల్లో ఒక్క సాయంత్రం తిరిగిన కుక్క చెవుల్లో, వేళ్ళ సందుల్లో అవి గుత్తులుగా చేరతాయి. వాటి ద్వారా వచ్చే ఎర్లికియా, బబీషియా జబ్బులు రెండు మూడు వారాల తర్వాత బయటపడతాయి. తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం. అప్పటికి గండికోట ప్రయాణం మనం మరిచిపోయి ఉంటాం. వైద్యుడికి ఆ సంగతి చెబితే సగం రోగ నిర్ధారణ అయినట్టే.

పాముల మాట. రాళ్ళ సందుల్లో నాగుపాము, రక్తపింజర, చిన్న పింజర ఉండే నేల అది. కుక్క మూతి పెట్టి వాసన చూస్తుంది కాబట్టి కాటు మూతికో ముందు కాలికో పడుతుంది. కోయడం, కట్టు బిగించడం, నాటుమందు పోయడం వద్దు. నడిపించకుండా ఎత్తుకుని కారెక్కించాలి. మనుషులకు వాడే విషవిరుగుడు మందే కుక్కలకూ వాడతారు. అది ఉండే ఆసుపత్రి ఎక్కడుందో బయల్దేరక ముందే తెలుసుకుని ఉండాలి. గండికోటకు దగ్గర్లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. మనకు గన్నవరంలో ఉన్నట్టే. జమ్మలమడుగు దాటి అక్కడికి చేరడానికి గంట వేసుకోవాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చేయవచ్చు, కానీ కొండ మీద అర్ధరాత్రి దాని మీదే ఆధారపడి కూర్చోకూడదు.

ఇన్ని ప్రమాదాలు చెప్పాక, మరి తరతరాలుగా ఎండలో కుక్కలతో ఆరుబయట పడుకునే మందలవాళ్ళ సంగతేమిటని అడగవచ్చు. మంచి ప్రశ్న. రాయలసీమలో గొర్రెల మందలు కోతలైన పొలాల్లో రాత్రిళ్ళు విడుస్తాయి. ఎరువు కోసం రైతు పిలుస్తాడు, ధాన్యమో డబ్బో ఇస్తాడు, కాపరులు వలకట్టు వేసి గొర్రెల్ని మధ్యలో పెట్టి చుట్టూ పడుకుంటారు. వెంట కుక్కలుంటాయి. డెల్టాలో వరి కోతల తర్వాత బాతుల మందలవాళ్ళదీ ఇదే పద్ధతి. తెలుగు నేల మీద కుక్కతో గుడారం వేసే విద్యలో అసలు పండితులు వీళ్ళే. వాళ్ళు చేసే పనులు గమనిస్తే నాలుగు విషయాలు కనబడతాయి. నడక పొద్దెక్కక ముందు, పొద్దు వాలాక. మధ్యాహ్నం చెట్టు కింద, మనిషి, గొర్రె, కుక్క అన్నీ. మజిలీ ఎప్పుడూ నీళ్ళకు దగ్గర. ఇక నాలుగోది, వాళ్ళ కుక్క పుట్టింది మొదలు ఆ మందతోనే తిరిగింది. కొత్త చోటు దానికి కొత్త కాదు, దాని ఇల్లు మందే. ఏసీ గదిలో సోఫా మీద పెరిగిన కుక్కను నాలుగు వందల కిలోమీటర్లు కారులో ఊపుకుంటూ తీసుకెళ్ళి, మైకులు, మంటలు, అపరిచితుల మధ్య ఒక్క రాత్రి పడుకోమంటే అది పడుకోదు. తెల్లవార్లూ ప్రతి చప్పుడుకీ లేస్తుంది. దానికి అది కాపలా, సెలవు కాదు. పక్క టెంటువాళ్ళకు నరకం.

నూజివీడు నుంచి వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు, ప్రొద్దుటూరు మీదుగా పోయే ఆ దారి ఎనిమిది గంటల పైమాటే. రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో మొత్తం కూపే మనదై ఉండాలి, లేకపోతే కుక్క గార్డు పెట్టెలోని డబ్బాలో పోవాలి. డబ్బాలో పంపడం కన్నా ఇంటి దగ్గర ఉంచడం మేలు.

మరి ఎప్పుడు వెళ్ళాలి? గండికోట కుక్కకు అనువుగా ఉండేది నవంబరు నుంచి జనవరి చివరిదాకా. రాత్రి చలి ఉంటుంది, పగలు ముప్ఫై చుట్టూ. ఇక్కడ మామిడి రైతుకు ఇంకో పేచీ ఉంది. డిసెంబరు, జనవరి అంటే పూత. తేనెమంచు పురుగుకు ఒక మందు, బూడిద తెగులుకు ఒక మందు, మబ్బు పట్టిందంటే గుండెల్లో రాయి. ఆ రోజుల్లో తోట వదిలి కుక్కతో విహారానికి పోయే రైతును నేనింతవరకు చూడలేదు. తోట పనులు తీరిన జూన్, జూలైల్లో అక్కడ ఉక్క. కాబట్టి తోట ఉన్నవాళ్ళకు మిగిలేది నవంబరు ఒక్కటే. అప్పటికి జలాశయాల్లో నీళ్ళుంటాయి, పూత ఇంకా రాదు. సంక్రాంతికి వచ్చే పిల్లలు ఈ లెక్కలో లేరు, వాళ్ళు పండగ మూడు రోజుల రద్దీలో పోతే మనిషికే చోటుండదు, కుక్కకెక్కడుంటుంది?

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. కుక్కకు బయట పడుకోవడం వచ్చో రాదో సొంత తోటలో తేల్చుకోవడం. నవంబరులో మామిడి చెట్ల కింద నేల మెత్తగా, నీడగా ఉంటుంది. బావి పక్కన గుడారం వేసి ఒక రాత్రి గడపండి. ఏ గుడ్లగూబ అరిచినా గుడారం చింపుకుని వస్తోందా, గొలుసుకు ఒప్పుకుంటోందా, మంట దగ్గర మసలగలదా అన్నీ తెలిసిపోతాయి. తోటకూ ప్రమాదాలు లేకపోలేదు. మందు కొట్టిన మర్నాడు కుక్కను తోటలోకి తేకూడదు. అడవిపందుల కోసం పక్క పొలంవాళ్ళు కరెంటు తీగ లాగారేమో, విషం కలిపిన ఎర పెట్టారేమో అడిగి తెలుసుకోవాలి. కాయల కాలంలో అయితే రాలిన పండు తిని టెంక మింగిన కుక్కకు పేగు అడ్డుపడి ఆపరేషన్ దాకా పోయిన సందర్భాలు పశువైద్యులకు కొత్తేమీ కావు.

ఆ రాత్రి తోటలో నిద్రపోయిన కుక్క గండికోటకు పనికొస్తుంది. నిద్రపోనిదాన్ని ఇంటి దగ్గర నమ్మకమైన మనిషికి అప్పగించి మీరు వెళ్ళిరండి. టెంటు బుక్ చేసేటప్పుడే కుక్క ఉందని చెప్పండి, ఒప్పుకోనివాళ్ళతో వాదించవద్దు. దాని మలాన్ని సంచిలో వేసుకుని తిరిగి తెండి, ఆ ఊరు ఎత్తిపోయాలని ఆశించవద్దు. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం ఎవరెంత బతిమాలినా, ఏ జాతి కుక్కైనా, ఆ బండల మీదికి తీసుకెళ్ళవద్దు.